బీటా డెక్కూ, నలుగు పాటా

మా ఇంటి పై వాటాలో ఎలక్ట్రానిక్ సిటీకి పనికెళ్ళే ఆడపిల్లలు అద్దెకుంటారు. వాళ్ళలో ఒకమ్మాయి మొన్న సాయంత్రం కిందికొచ్చి, "ఆంటీ, మీ దగ్గర పాత పిన్ను ఛార్జర్ ఉందా? రూమ్‌లో అందరివీ కొత్తవే, నా ఫోన్‌కి ఏదీ పట్టట్లేదు" అనడిగింది. నా సొరుగులో లేకపోవడమేమిటి? పాత పిన్నులు, పాత వైర్లు, ఏ డబ్బావో తెలియని మూతలు, అన్నీ ఉంటాయి. ఛార్జర్ వెతికి ఇస్తూ, "ఈ పిన్నుల గొడవ మా కాలం నుంచీ ఉన్నదేనమ్మా" అన్నాను. ఆ పిల్ల నవ్వి, "మీ కాలంలో ఫోన్లే లేవు కదా ఆంటీ" అంది.

ఫోన్లు లేవు నిజమే. గొడవ మాత్రం ఉండేది. నా ఉద్యోగమంతా ఆ గొడవలోనే గడిచింది.

నా పేరు సరోజ. మాది హిందూపురం. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, ఎలక్ట్రానిక్ సిటీలో నీలగిరి చెట్లూ ఎర్రమట్టీ తప్ప ఇంకేమీ లేని రోజుల్లో అక్కడొక ఫ్యాక్టరీలో చేరాను. ఇంట్లో టీవీకి తగిలించి సినిమాలు చూసుకునే వీసీఆర్‌లు తయారుచేసేవాళ్ళం. జనం వాటిని డెక్కులనేవాళ్ళు, మేమూ అలాగే అనేవాళ్ళం. చివరికి సర్వీస్ సెక్షన్‌కి పెద్దనయ్యాను. ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో రాయను, చదివేవాళ్ళకి నిద్రొస్తుంది. ఇప్పుడు ఈ రకం పనిలోకి వస్తున్న పిల్లలకి నాలుగు ముక్కలు చెప్పాలని ఉంది. ఉన్నమాట చెప్పాలంటే, ఆ రోజుల్ని ఇంకోసారి తడుముకోవాలని కూడా ఉంది.

పసుపు పసుపుగా

అప్పట్లో క్యాసెట్లు రెండు రకాలు. చిన్నది బీటా, కాస్త పెద్దది వీహెచ్ఎస్. దీని క్యాసెట్ దాంట్లో దూరదు, దానిది దీంట్లో పట్టదు. రెండూ ఒకే పని చేస్తాయి, ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. కొనేవాడు డెక్కు కొన్న రోజే ఏదో ఒక పక్షానికి చేరిపోయేవాడు. చాలామందికి ఆ సంగతి తెలిసేది కూడా కాదు.

మా ఎండీ శేషగిరి గారు బీటా పక్షం. కాకినాడ మనిషి. తెల్లచొక్కా, చేతిలో ఎప్పుడూ ఒక చిన్న స్క్రూడ్రైవరు. విదేశీ కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకునేముందు రెండు రకాల డెక్కులూ తెప్పించి, ఇంట్లో ఒక పళ్ళెంలో పసుపూ కుంకుమా తమలపాకులూ పెట్టి రెండింటిలోనూ రికార్డు చేసి చూశారట. ఆ పళ్ళెం క్యాసెట్టే తర్వాత మా ఫ్యాక్టరీలో పరీక్ష క్యాసెట్ అయింది. లైన్ చివర ప్రతి డెక్కులోనూ దాన్ని పెట్టి చూడాల్సిందే.

"ఎరుపుని ఎవడైనా చూపిస్తాడమ్మా. పసుపు పసుపుగా ఉందా లేదా, అది చెప్పు" అనేవారు. వీహెచ్ఎస్‌లో ఆ పసుపు కాస్త మసకేసి నారింజ వైపు జరిగేది. మా డెక్కులో పళ్ళెంలోంచి వేలితో తీసి పెట్టుకోవచ్చన్నట్టు ఉండేది. ఆ విషయంలో ఆయన మాట అక్షరాలా నిజం, ఇప్పటికీ ఒప్పుకుంటాను.

ఒక్క దగ్గర మాత్రం ఆయనతో నాకు పడేది కాదు. టేపు పాడై బొమ్మ చెదిరిపోతే, శబ్దాన్ని కూడా డెక్కు దానంతటదే ఆపేసేలా ఒక సర్క్యూట్ పెట్టించారు. "బొమ్మ పోయినా మాట వినపడుతుంది కదండీ, వినాలనుకునేవాళ్ళు వింటారు కదా" అన్నాను. "బొమ్మ లేని చోట గొంతెందుకమ్మా, చెవిలో ఇసుక పోసుకోవడానికా?" అన్నారు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళెవరూ మా ఫ్యాక్టరీలో లేరు. నేనూ గెలవలేదు. ఆ సర్క్యూట్ ప్రతి డెక్కులోనూ కూర్చుంది.

బాషా చెప్పిన తీర్పు

డెక్కులు అనుకున్నంతగా కదలకపోయేసరికి ఒకరోజు సార్ నన్ను వెంటబెట్టుకుని శివాజీనగర్‌లో ఒక వీడియో లైబ్రరీకి వెళ్ళారు. బాషా అని, దాని యజమాని. క్యాసెట్లు అద్దెకిస్తాడు. గోడ నిండా వీహెచ్ఎస్‌లే. మా బీటా క్యాసెట్లు కింద ఒక అట్టపెట్టెలో పడున్నాయి. సార్‌కి ప్రాణం చివుక్కుమంది.

"ఏం బాషా, మా బొమ్మలో లోపమేంటయ్యా?"

"బొమ్మ బంగారం సార్. నేనేమన్నా కాదన్నానా?" అని బాషా మాకు టీలు తెప్పించాడు. "కానీ నా దగ్గరికొచ్చేవాడు బొమ్మ చూసి రాడు సార్. పక్కింట్లో ఏ డెక్కుందో చూసొస్తాడు. వాళ్ళ క్యాసెట్ వీళ్ళకి కావాల, వీళ్ళది వాళ్ళకి కావాల. గల్ఫ్ నుంచి బావమరిది తెచ్చేది ఏది? వీహెచ్ఎస్. ఇంకోటి సార్, చవగ్గా దొరికే మీ క్యాసెట్లో మన సినిమా మొత్తం పట్టదు. క్లైమాక్స్ ముందు లేచి మార్చాల."

"మారిస్తే ఏమవుతుంది? మధ్యలో కాఫీ తాగొచ్చు."

"తాగుతారు సార్. తాగి, ఈసారి పక్కింటోళ్ళ లాంటిదే కొనుక్కుంటారు."

పిల్లలూ, మీకు నేను చెప్పేది ఇదే. తయారుచేసే మనం వస్తువులోకి తొంగి చూస్తుంటాం. కొనేవాడు దాని చుట్టూ ఉన్న బంధువుల్ని, ఇరుగుపొరుగుని, అద్దెకిచ్చే కొట్టుని చూస్తాడు. ఆ చూడ్డం తెలివితక్కువేమీ కాదు. ఒంటరిగా మంచి వస్తువు పెట్టుకుని ఏం చేసుకుంటాడు పాపం?

ఆ తర్వాతది వేగంగా జరిగింది. విదేశీ కంపెనీ బీటా భాగాలు పంపడం తగ్గించింది. చిన్న చిన్న విడిభాగాలు చేసిచ్చే పీణ్యా షెడ్లవాళ్ళు మమ్మల్ని చూస్తే మొహం తిప్పుకున్నారు. లైన్ మీద పనిచేసే ఆడపిల్లల్లో సగం మంది గార్మెంట్ ఫ్యాక్టరీలకి వెళ్ళిపోయారు. కళ్ళు చిన్నవి చేసుకుని భూతద్దంలోంచి తీగలు అతికే పిల్లలు, మధ్యాహ్నం అన్నాలు కలిపి పంచుకునే పిల్లలు. పొద్దున ఫ్యాక్టరీ బస్సు దిగగానే వచ్చే ఆ సీసం వాసన, వాళ్ళ నవ్వులు, వాటికోసం ఇప్పటికీ నా మనసు కొట్టుకుంటుంది. రెండు కంపెనీలు ఎక్కడో సముద్రం అవతల పంతాలకి పోతే, ఇక్కడ ఖాళీ అయింది వాళ్ళ చేతులు.

మార్పిడి మేళా

బోర్డులో అందరూ పట్టుబట్టి కంపెనీని వీహెచ్ఎస్‌కి మార్చారు. సార్ ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. మనల్ని నమ్మి బీటా కొన్నవాళ్ళని గాలికొదిలేయకూడదు, పాత డెక్కు తెచ్చిస్తే కాస్త తేడా కట్టించుకుని కొత్తది ఇవ్వాలి. దానికి మార్పిడి మేళా అని పేరు. మంచి బుద్ధితో పెట్టిన మేళాయే. చేసిన తీరు మాత్రం దిక్కుమాలింది. డెక్కు తీసుకున్నవాళ్ళెవరూ లోపల క్యాసెట్ ఉందేమో చూడలేదు. ఇచ్చినవాళ్ళెవరికీ చెప్పనూ లేదు. తీసుకోవడం, షెడ్డులో గుట్ట వేయడం, అంతే. మర్నాడు పాత సామాను లారీ వస్తుందనగా, గేటు దగ్గర ఒకామె గలాటా చేస్తోందని నన్ను పిలిచారు.

ఆమె పేరు మునిరత్నమ్మ. కాడుగోడిలో పూల వ్యాపారం చేసే ఇల్లు. నా ఈడుదే. పక్కన మొగుడు వెంకటేశప్ప తల వంచుకుని నిలబడున్నాడు.

"నా పెండ్లి క్యాసెట్టు మీ పెట్టెలోనే ఉండాది మేడమ్మా. ఈయప్ప లోపల చూడకుండా సుమ్నే ఎత్తుకొచ్చి ఇచ్చేసిండాడు."

"లోపల క్యాసెట్ ఉంచి ఎట్లా ఇచ్చారమ్మా?"

"యాల ఉండదు? పెట్టెని ఖాళీగా పెడతారా ఎవరన్నా?" అని నన్నే ఎదురడిగింది. "బొట్టు పెట్టి, గుడ్డ కప్పి పెట్టుకుంటాము గదా. లోపల ఏమీ లేకుండా బొట్టు పెడితే ఏం బాగుంటాది?"

మా అమ్మ కూడా అంతే. కుంచం ఖాళీగా ఉంచదు, గుప్పెడు గింజలన్నా వేస్తుంది. పక్కింటి గిన్నె తిరిగిచ్చేటప్పుడు కాస్త బెల్లమన్నా పెట్టి ఇస్తుంది. ఈ ఇళ్ళలో డెక్కూ ఒక కుంచమే. అందుకని ఇంట్లో ఉన్నవాటిలో శుభమైన క్యాసెట్ ఏదో చూసి అది లోపల పెట్టి ఉంచుతారు. అద్దె సినిమా చూసేటప్పుడు తీస్తారు, అవగానే మళ్ళీ పెట్టేస్తారు. మా డిజైన్ వాళ్ళలో ఒక్కరికీ ఈ ఊహ రాలేదు. సర్వీస్‌లో ఉన్న నాకు రావాల్సింది.

"పెళ్ళి తీసిన వీడియో అతని దగ్గర ఇంకోటి ఉంటుందేమో" అన్నాను.

"లేదు. ఆ టేపు మీద ఆమేలె, మాదైనంక, ఇంకో పెండ్లి తీసేసిండాడు. మా ఇంట్లో మీ పెట్టె ఉండాదని మీ చిన్న క్యాసెట్టులో వేసిచ్చినాడు. అదొకటే." అప్పటిదాకా గట్టిగా మాట్లాడిన మనిషి గొంతు తగ్గించింది. "దాంట్లో మా యమ్మ నలుగు పాట పాడిండాది. నా పెండ్లైనంక ఎక్కువ దినాలు బతకలేదు. వచ్చే నెల మా తమ్ముడి పెండ్లి ఉండాది. వానికి నలుగు పెట్టేటప్పుడు అమ్మ పాడొద్దా?"

"క్యాసెట్‌లో పాడితే సరిపోతుందా?"

"మా ఇంట్లో ఎవురికి నలుగు పెట్టినా మా యమ్మే పాడాల. క్యాసెట్టులో ఉంటే ఏమి, గొంతు అమ్మదే గదా."

నేను సార్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన విని కుర్చీలోంచి లేచారు. తర్వాత మేళా నడిపినవాళ్ళని పిలిపించి ఒకే ఒక్క మాట అన్నారు. "మనం తీసుకున్నది డెక్కులా, వాళ్ళ పెళ్ళిళ్ళా?"

షెడ్డులోకి కరెంటు వైరు లాగాం. ఒక్కో డెక్కూ తగిలించడం, క్యాసెట్ బయటికి వచ్చే మీట నొక్కడం, పక్కన పెట్టడం. సార్ కూడా చొక్కా చేతులు మడిచి కింద కూర్చున్నారు. పెళ్ళిళ్ళు వచ్చాయి, గృహప్రవేశాలు వచ్చాయి, నామకరణాలు వచ్చాయి. దాదాపు ప్రతి డెక్కు కడుపులోనూ ఒక పండగ ఉంది. మునిరత్నమ్మ ఒక్కోటీ చేతిలోకి తీసుకోవడం, తల అడ్డంగా ఊపడం. ఎండ వాలుతుండగా ఒక క్యాసెట్ వచ్చింది. దాని మూలన ఎండిపోయిన పసుపు మరక, బొటనవేలు ఒత్తినట్టుగా ఉంది.

"ఇదే. క్యాసెట్టు ఇంటికొచ్చిన దినం మా యమ్మ పెట్టిన పసుపు ఇది" అని మునిరత్నమ్మ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని షెడ్డు నేలమీదే కూలబడి ఏడ్చింది. వెంకటేశప్ప అప్పటికి తలెత్తాడు.

మిగతా క్యాసెట్లన్నీ ఎవరివి వాళ్ళకి చేర్చేదాకా లారీని రానివ్వలేదు సార్. అది కూడా ఆ బోర్డువాళ్ళకి నచ్చలేదు.

కాడుగోడి పందిరి

క్యాసెట్ దొరికింది. వాళ్ళింట్లో ఉన్నదేమో ఇప్పుడు వీహెచ్ఎస్, మేమిచ్చిందే. సర్వీస్ సెక్షన్‌లో రెండు డెక్కులు కలిపి కాపీ చేశాను. సార్ వచ్చి వెనక నిలబడి చూశారు. అసలుదాంట్లో మునిరత్నమ్మ తల్లి చెన్నమ్మ, సన్నగా, నుదుట పెద్ద బొట్టుతో, పెళ్ళికూతురి బుగ్గలకి పసుపు రాస్తూ పాడుతోంది. ఆ పసుపు మెరిసిపోతోంది. కాపీలో అదే పసుపు నీరుకావి తిరిగింది.

"ఇదా వాళ్ళకి ఇచ్చేది? వద్దమ్మా. కాపీ దగ్గర ఉంచుకోమను. పెళ్ళికి మాత్రం మన డెక్కే వెళ్తుంది" అన్నారు.

అలా నేను ఒళ్ళో బీటా డెక్కు పెట్టుకుని, సార్ వెంట ఆయన కార్లో కాడుగోడి వెళ్ళాను. ఇంటి ముందు పందిరి, పందిట్లో బల్లమీద టీవీ, దానికి బంతిపూల దండ. తమ్ముణ్ణి పీటమీద కూర్చోబెట్టారు. డెక్కు ఆడించగానే ఆడవాళ్ళంతా ఒక్కసారిగా మాటలాపేశారు. తెరమీద చెన్నమ్మ గొంతెత్తింది.

"పసుపు పూసే వేళకి పారిపోతే ఊరుకోము, పట్టుకోండే వదినల్లార పందిరంతా తిరిగైనా" అంటూ.

తెరమీద ఆమె చెయ్యి ఆగినప్పుడల్లా ఇక్కడ ఆడవాళ్ళ చేతులు తమ్ముడి బుగ్గలమీద ఆగేవి. ఒక ముసలామె టీవీ వైపు చూసి, "చెన్నమ్మా, ఇంకొంచెం గట్టిగా పాడే" అంది. ఎవరూ నవ్వలేదు, ఎవరికీ అది వింతగా అనిపించలేదు. సార్ బల్ల పక్కనే కుర్చీ వేయించుకుని, బొమ్మ చెదరకుండా డెక్కు మీది చక్రంమీద వేలు పెట్టి పాట అయ్యేదాకా తీయలేదు.

"పసుపు చూశావా అమ్మా" అన్నారు నాతో, కార్లోకి ఎక్కుతూ. కళ్ళు తుడుచుకుంటున్నారు. "ఈ డెక్కు నీ దగ్గరుంచు. ఆవిడ ఎప్పుడు పిలిస్తే అప్పుడు తీసుకెళ్ళు."

ఆయన నాకు చెప్పిన పనుల్లో చివరిదాకా మిగిలింది అదే. కంపెనీ ఆ తర్వాత కొన్నాళ్ళకే మూతబడింది. వీహెచ్ఎస్ చేసేవాళ్ళు ఊరూరా ఉన్నారు, మేమెవరికి కావాలి? సార్ కాకినాడ వెళ్ళిపోయారు. ఆయన పోయిన కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ఎక్కడ కొత్త టీవీ చూసినా, నా కళ్ళు ముందు పసుపునే వెతుక్కుంటాయి.

ఒకదాని వెనక ఒకటి

ఆ తర్వాత నేను రకరకాల కంపెనీల డెక్కులు బాగుచేసే చోట చేరాను. అదీ పోయాక, పాత క్యాసెట్లని డిస్కుల్లోకి మార్చిచ్చే షాపులో పనిచేశాను. వీసీడీ వచ్చింది. దాని బొమ్మ వీహెచ్ఎస్ కంటే గొప్పేమీ కాదు, చవక, అందుకని ఇల్లిల్లూ దూరింది. ఒక డిస్కులో పెళ్ళి పట్టేది కాదు, రెండు చేసేవాళ్ళం. దాన్ని డీవీడీ తోసేసింది. ఆ తర్వాత ఇంకా మంచి బొమ్మ చూపించే డిస్కులు రెండు రకాలు వచ్చి మళ్ళీ కొట్టుకున్నాయి. అందులో ఒకటి గెలిచింది. గెలిచి వెనక్కి చూసుకునేసరికి జనం డిస్కులు కొనడమే మానేశారు. మా బీటా ఓడింది, బీటాని ఓడించింది కూడా ఎక్కడా కనపడదిప్పుడు.

ప్రతిసారీ షాపుకొచ్చే ఇల్లాలు ఒకటే అడిగేది. "ఇది ఎన్నాళ్ళుంటుందమ్మా?" యజమాని చెప్పమన్న జవాబు, ఎప్పటికీ ఉంటుందని. నేను చెప్పేది, "దీన్ని ఆడించే పెట్టె దొరికినన్నాళ్ళు. అసలుదాన్ని మాత్రం పారేయొద్దు." యజమానికి నామీద బేజారుగా ఉండేది. మీరు రేపు ఏ కొత్త రకాన్ని తయారుచేసినా, పాతదాంట్లో ఉన్నది కొత్తదాంట్లోకి ఎట్లా వస్తుందో ఆ దారి ముందు వేయండి. దారి లేకుండా గెలిచినవాళ్ళని చూశాను, వాళ్ళమీద నాకు గౌరవం లేదు.

మునిరత్నమ్మ ఇంట్లో ఆ తర్వాత పెళ్ళిళ్ళు వీహెచ్ఎస్ కాపీతో జరిగాయి. ఆ కాపీలోంచి ఎవరో వీసీడీలు చేసిచ్చారు, కొన్ని వాటితో జరిగాయి. కొడుకు చేతిలో డిస్కు ఉంటే ఈ బరువు డెక్కునీ, నన్నూ ఎందుకు పిలుస్తారు? పిలవనక్కరలేదు. అయినా పెళ్ళిళ్ళ కాలంలో ఫోన్ మోగితే కాడుగోడి నుంచేమో అని చూసేదాన్ని. ఇంత వయసొచ్చి అదేం ఆశ అని నామీద నాకే నవ్వొచ్చేది. డెక్కు మీద దుమ్ము దులిపి మళ్ళీ గుడ్డ కప్పేదాన్ని.

మళ్ళీ స్క్రూడ్రైవరు

ఈమధ్య ఒక ఆదివారం పొద్దున ఆ ఫోన్ మోగింది.

"సరోజక్కా, ఉండావా?" అంది మునిరత్నమ్మ, నిన్న మాట్లాడినట్టే. మనవరాలు లావణ్య పెళ్ళి. వీసీడీలు తీసి చూస్తే మొదటిది ఉంది, నలుగు ఉన్న రెండోది ఇల్లు మారినప్పుడెక్కడో పోయింది. వీహెచ్ఎస్ కాపీ బూజు పట్టి ఎప్పుడో చెత్తలో పడింది. "చిన్న క్యాసెట్టు మాత్రం భద్రంగా ఉండాది. నీ పెట్టె ఉండాదా?"

ఆ మధ్యాహ్నమే లావణ్యతో చందాపురలో మా ఇంటికి వచ్చేసింది. జుట్టంతా తెల్లబడింది, గొంతు మాత్రం గేటు దగ్గరి గొంతే. లావణ్యది ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. డెక్కు చుట్టూ తిరిగి చూసి, "ఆంటీ, దీనికి అసలు కేబుల్ ఎక్కడ కనెక్ట్ చేస్తారు?" అంది.

డెక్కు విప్పితే లోపలి రబ్బరు బెల్టులు కరిగి తారు ముద్దల్లా ఉన్నాయి. పాత ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డంతా తిరిగి సరిపోయే బెల్టులు సంపాదించాను. స్క్రూడ్రైవరు పట్టుకున్న కాసేపటికి వేళ్ళకి పని గుర్తొచ్చింది. క్యాసెట్ టేపంతా తెల్లటి బూజు. మెత్తటి గుడ్డతో, చేత్తో కొంచెం కొంచెంగా తిప్పుతూ తుడిచాను. తుడిచాక ఆ అవ్వామనవరాళ్ళిద్దరినీ పిలిపించి ఉన్నమాట చెప్పాను. ఈ టేపు నలుగు దగ్గర ఒక్కసారి తిరుగుతుందేమో, రెండోసారి మీద నాకు నమ్మకం లేదు.

"ఒకసారి చాలక్కా" అంది మునిరత్నమ్మ.

నలుగుకి కాస్త ముందు దాకా చేత్తో చుట్టి, డెక్కులో పెట్టి ఆడించాను. తెరంతా చుక్కలు. బొమ్మ లేదు, శబ్దం లేదు. వెంటనే ఆపేశాను. బొమ్మని చదివే భాగం బూజుతో, అరుగుదలతో పూర్తిగా పోయింది. అలాంటిది ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడా దొరకదు.

"పోయిందా అక్కా?"

సార్ అప్పజెప్పిన ఒకే ఒక్క పని కూడా చేయలేకపోయానే అనుకున్నాను. సార్ గుర్తొచ్చాక ఆయన మాట కూడా గుర్తొచ్చింది. బొమ్మ లేని చోట గొంతెందుకమ్మా అని. శబ్దం ఉండేది టేపు అంచున వేరే దారిలో. దాన్ని చదివేది వేరే భాగం, అది బాగానే ఉంది. బొమ్మ లేదని డెక్కే గొంతు నొక్కేస్తోంది.

మళ్ళీ విప్పాను. ఆ సర్క్యూట్ ఎక్కడుందో వెతుక్కోనక్కరలేదు, దానిమీద ఎంత పోట్లాడానని. "సార్, ఈసారికి నా మాట వినండి" అని పైకే అనేసి ఒక్క తీగ కత్తిరించాను. లావణ్య నావైపు వింతగా చూసింది. డెక్కు నుంచి ఆ పిల్ల లాప్‌టాప్‌కి వైరు కలిపి, మళ్ళీ ఆడించాను.

తెరమీద అవే చుక్కలు. ముందు గరగరమన్న మోత, తర్వాత గిన్నెల చప్పుడు, నాదస్వరం, ఆడవాళ్ళ నవ్వులు. వాటి వెనకనుంచి చెన్నమ్మ వచ్చింది. "పసుపు పూసే వేళకి పారిపోతే ఊరుకోము..."

"అవ్వా, బొమ్మ రాలేదే" అంది లావణ్య మెల్లగా.

మునిరత్నమ్మ కళ్ళు మూసుకుని ఉంది. "సుమ్నే ఉండు పాపా. మా యమ్మ మొగం నాకి తెలీదా?"

పాట చివరి ముక్క దాటగానే డెక్కు లోపల టేపు ముడతపడి ఆగిపోయింది. అప్పటికే పాట మొత్తం లాప్‌టాప్‌లోకి వచ్చేసింది. లావణ్య దాన్ని అక్కడికక్కడే ఇంట్లోవాళ్ళందరికీ పంపించింది. ఎవరి ఫోన్ ఏ రకమో ఎవరూ అడగలేదు, అందరికీ వినపడింది. ఇంతకాలానికి ఒక్కటన్నా సరిగ్గా చేశారు మీ తరం వాళ్ళు.

కాడుగోడిలో పందిరి కింద ఈసారి టీవీ లేదు. స్పీకర్లోంచి చెన్నమ్మ పాడింది. ఆడవాళ్ళు లావణ్య బుగ్గలకి నలుగు పెట్టారు. ఎండ ఏటవాలుగా ఆ పిల్ల మొహమ్మీద పడింది. పసుపు పసుపుగానే ఉంది. పక్కన శేషగిరి గారు లేకపోవడం నాకు అంతగా తెలిసింది ఆ ఒక్క క్షణంలోనే, దుఃఖం ఆగలేదు. ఏడుస్తున్నానని చూసి ఎవరో నా బుగ్గకీ ఇంత పసుపు రాశారు.

పెళ్ళయిన మర్నాడు మునిరత్నమ్మ తాంబూలం తీసుకుని మా ఇంటికొచ్చింది. పళ్ళెంలో అరటిపళ్ళ పక్కన ఆ క్యాసెట్ ఉంది.

"ఇది ఇంక ఆడదు మునిరత్నమ్మా. డెక్కు కూడా ఆడదు" అన్నాను.

"ఆడకపోతే ఏమక్కా?" అని ఆమె లేచి, డెక్కు మీది గుడ్డ తీసి, మూలన పసుపు మరకున్న ఆ క్యాసెట్‌ని లోపలికి నెట్టింది. తర్వాత కుంకుమ భరిణ నుంచి వేలితో తీసి డెక్కుకి బొట్టు పెట్టింది.

"నీ దగ్గరే ఉండనీ. ఖాళీగా మాత్రం ఉంచొద్దు."